డౌలాకి బిల్లు ఎవరు కట్టాలి?

(సెంట్రల్ న్యూజెర్సీలో తెలుగువాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. అక్కడక్కడా కుదించాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల వాళ్లకి వినిపిస్తోందా? సరే. భోజనాలకి ముందు నన్ను నిలబెట్టారు కాబట్టి ఎక్కువసేపు తీసుకోను. పులిహోరకి ఇబ్బంది లేదు, బజ్జీలు చల్లారితేనే కష్టం.

నేను డాక్టర్ని కాదు, నర్సుని కూడా కాదు. మెడికెయిడ్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఆ క్లెయిములు చూసే ఉద్యోగం నాది. ఆస్పత్రి బిల్లు పంపుతుంది, బిల్లుకో కోడ్ ఉంటుంది, కోడ్‌కో రేటు ఉంటుంది, ఆ రేటు ప్రకారం డబ్బు వెళ్తుంది. లేదా వెళ్లదు. ఈ హాల్లో సగం మంది ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లో, టెస్ట్ చేసినవాళ్లో అయి ఉంటారు. అందుకే ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోవద్దని మొదటే మనవి.

అమెరికాలో నల్లజాతి తల్లులు కాన్పులోనూ, కాన్పు తర్వాతా ఎక్కువగా చనిపోతున్నారని మీరు వినే ఉంటారు. దానికి ఒక మందుగా డౌలాలకి, అంటే కాన్పుకి ముందూ, కాన్పులోనూ, తర్వాతా తల్లికి తోడుండే మనుషులకి, ప్రభుత్వ సొమ్ము ఇవ్వాలని ఈమధ్య చాలా రాష్ట్రాలు చట్టాలు చేశాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ‘కవర్ చేశాం’ అని చట్టం రాయడం సులువు. రేటు బతకడానికి సరిపోకపోతే, బిల్లు నెలల తరబడి పాస్ కాకపోతే, ఆ చట్టం వల్ల ఏ తల్లి దగ్గరికీ ఏ డౌలా రాదు.

ముందు లెక్కలు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ప్రకారం 2023లో ఈ దేశంలో 669 మంది తల్లులు చనిపోయారు. లక్ష కాన్పులకి సగటు 18.6. తెల్లజాతి తల్లుల్లో 14.5, నల్లజాతి తల్లుల్లో 50.3. మనల్ని కలిపి లెక్కేసే ఏషియన్ గడిలో 10.7. కోవిడ్ ఏడాది 2021లో నల్లజాతి తల్లుల సంఖ్య దాదాపు 70కి వెళ్లింది, తర్వాత తగ్గింది. కానీ 2022 నుంచి 2023కి తెల్లజాతి సంఖ్య 19 నుంచి 14.5కి దిగితే, నల్లజాతివాళ్లది 49.5 దగ్గర నుంచి అసలు దిగలేదు.

ఇక్కడ మనవాళ్లు మామూలుగా ఒక మాట అంటారు. ‘పేదరికం అండీ, చదువు లేకపోవడం అండీ’ అని. చదువుకున్న నల్లజాతి మహిళల లెక్క విడిగా తీశారు. కాలేజీ డిగ్రీ ఉన్న నల్లజాతి మహిళకి ఉన్న ప్రమాదం, హైస్కూలు కూడా పూర్తి చేయని తెల్లజాతి మహిళకన్నా ఒకటిన్నర రెట్లు పైనే. చదివిస్తే బాగుపడతారనేది మనకి వేదవాక్కు కదా. ఇక్కడ అది పనిచేయలేదు.

సెరెనా విలియమ్స్ సంగతి చాలామందికి తెలుసు. 2017 సెప్టెంబరులో సిజేరియన్ అయింది. మర్నాడు ఊపిరి అందలేదు. ఆమెకి అంతకుముందే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంది, కాబట్టి ఏం జరుగుతోందో ఆమెకి తెలుసు. వాళ్లమ్మ కంగారు పడకూడదని గది బయటికొచ్చి నర్సుతో చెప్పింది, సీటీ స్కాన్ తియ్యండి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఎక్కించండి అని. నొప్పి మందుల మత్తులో ఏదో అంటోందనుకుంది నర్సు. డాక్టరొచ్చి కాళ్లకి అల్ట్రాసౌండ్ మొదలెట్టాడు. ఆమె పట్టుబడితే చివరికి సీటీ తీశారు. ఊపిరితిత్తుల్లో గడ్డలు కనపడ్డాయి. ప్రపంచంలో అందరికీ తెలిసిన మొహం, కావలసినంత డబ్బు, తన ఒంటి గురించి అంత అవగాహన. అయినా నోరు పెంచి అడగాల్సొచ్చింది.

షలాన్ అర్వింగ్ పేరు అంతగా విని ఉండరు. సీడీసీలోనే ఎపిడెమియాలజిస్టు, అంటే జనంలో జబ్బులు ఎలా వస్తాయో చదివే నిపుణురాలు. జాతి వివక్ష ఆరోగ్యాన్ని ఎలా తినేస్తుందో చదవడమే ఆమె ఉద్యోగం. 2017 జనవరి మొదట్లో ఆడపిల్ల పుట్టింది. తర్వాత మూడు వారాల్లో బీపీ పెరిగిందని, కాళ్లు వాచాయని, ఏదో తేడాగా ఉందని పదే పదే వెళ్లి చూపించుకుంది. ప్రతిసారీ ఇంటికి పంపారు. ఆఖరిసారి వెళ్లొచ్చిన రోజే కుప్పకూలింది. ముప్ఫై ఆరేళ్లు. ఆమె చనిపోయింది కాన్పు గదిలో కాదు, కాన్పయిన మూడు వారాలకి. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. సీడీసీ కమిటీలు చూసిన మరణాల్లో సగానికి పైగా, కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపు జరిగినవే. ఐదింట నాలుగు మరణాలు ఆపదగినవే అని కూడా ఆ కమిటీలే రాశాయి.

ఈ మాట వినకపోవడం ఎక్కణ్నించి వచ్చిందంటే, పెద్ద చరిత్రే ఉంది, నాలుగు ముక్కల్లో చెప్తాను. గైనకాలజీకి పితామహుడని పేరున్న మేరియన్ సిమ్స్, 1840ల్లో అలబామాలోని మాంట్‌గమరీలో బానిస స్త్రీల మీద ఆపరేషన్లు చేసి నేర్చుకున్నాడు. మత్తుమందు లేకుండా, ఒక్కొక్కరికి పదే పదే. వాళ్లలో అనార్కా, బెట్సీ, లూసీ అని ముగ్గురి పేర్లే మనకి మిగిలాయి. న్యూయార్క్ సెంట్రల్ పార్కు దగ్గర ఆయన విగ్రహం 2018 దాకా ఉంది. పాత కథ అని కొట్టేయొద్దు. 2016లో వర్జీనియా యూనివర్సిటీ వాళ్లు తెల్లజాతి మెడికల్ స్టూడెంట్లనీ, రెసిడెంట్లనీ అడిగారు. నల్లవాళ్ల చర్మం మందంగా ఉంటుందనీ అలాంటివే ఇంకా కొన్నీ చెప్తే, వాటిలో ఒకటైనా నిజమే అన్నవాళ్లు సుమారు సగం.

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇంకో ముచ్చట. మొదటి కాన్పు సిజేరియన్ అయితే రెండోది మామూలుగా అవుతుందా అని అంచనా వేయడానికి డాక్టర్లు ఒక కాలిక్యులేటర్ వాడేవారు. వయసు, బరువు, వాటితోపాటు జాతి. నల్లజాతి లేదా హిస్పానిక్ అని టిక్ పెడితే చాలు, అవకాశం తగ్గిపోయేది. నంబరు తక్కువ వస్తే డాక్టరు మళ్లీ సిజేరియన్ వైపే మొగ్గుతారు. ఆ గడిని తీసేసింది 2021లో. అప్పటిదాకా అది ప్రొడక్షన్‌లో నడుస్తూనే ఉంది.

ఇంకో నష్టం కూడా జరిగింది. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి మంత్రసానులు ఉండేవారు. గ్రానీ మిడ్‌వైఫ్ అనేవారు. నల్లపిల్లలకీ, తెల్లపిల్లలకీ చాలామందికి బొడ్డు కోసింది వాళ్లే. 1921లో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం షెపర్డ్–టౌనర్ చట్టం వచ్చాక వాళ్లకి క్లాసులు పెట్టారు, సంచులు తనిఖీ చేశారు, తర్వాత మెల్లగా పక్కకి తోశారు. అలబామా 1976లో చట్టమే చేసి ఆపేసింది. గ్రీన్ కౌంటీలో మార్గరెట్ చార్ల్స్ స్మిత్ అని ఒకావిడ, మూడు వేలకి పైగా కాన్పులు చేసిందని చెప్తారు. మన ఊళ్లలో మంత్రసానుల్ని ఏం చేశామో ఇక్కడున్న పెద్దవాళ్లకి తెలుసు, నేను చెప్పక్కర్లేదు. వాళ్ల పద్ధతులన్నీ మంచివని నేననను. కానీ వాళ్లతోపాటు, పేరుపెట్టి పిలిచే మనిషి కూడా ఆ గదిలోంచి వెళ్లిపోయింది.

ఆ ఖాళీలోకి వచ్చినవాళ్లే డౌలాలు. డౌలా మంత్రసాని కాదు. పురుడు పోయదు, మందివ్వదు, పరీక్ష చేయదు. కడుపుతో ఉన్నప్పుడు కొన్నిసార్లు ఇంటికొస్తుంది, నొప్పులు మొదలైనప్పటి నుంచి బిడ్డ చేతికొచ్చేదాకా పక్కనే ఉంటుంది, తర్వాత మళ్లీ ఇంటికొస్తుంది. షిఫ్టు మారితే నర్సు మారుతుంది, డాక్టరూ మారతారు. డౌలా మారదు. నడుం పట్టుకుంటుంది, పక్కకి తిప్పుతుంది, నీళ్లు తాగిస్తుంది. డాక్టరు ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పేసి వెళ్లబోతే, ‘ఆమెకి ఒక ప్రశ్న ఉందట, ఒక్క నిమిషం’ అంటుంది.

మనకి ఇది అర్థం కావడం కష్టం కాదు. మన అమ్మాయిలకి ఏడో నెల రాగానే ఇండియా నుంచి అమ్మనో, అత్తగారినో విజిటర్ వీసా మీద దింపుతాం. ఆరునెలల స్టాంపు, రెండు సూట్‌కేసుల్లో శొంఠి, వాము, కారప్పొడులు. ట్రెంటన్‌లో వాల్‌మార్ట్ రిజిస్టరు మీద నిలబడే అమ్మాయికి ఆ తోడు లేనిది అమ్మ లేక కాదు. ఆ అమ్మ కూడా ఇంకో షాపులో రిజిస్టరు మీద ఉంటుంది.

సరే, ఇది పనిచేస్తుందని రుజువు ఉందా? ఉంది. హ్యూస్టన్‌లో ఒక ప్రభుత్వాస్పత్రిలో చేసిన ప్రయోగం 1991లో అచ్చయింది. పక్కన మనిషి ఉన్న గుంపులో సిజేరియన్లు నూటికి 8, మామూలు గుంపులో 18. 2017లో 17 దేశాల ప్రయోగాలు, 15 వేల పైచిలుకు మహిళలవి, కలిపి చూశారు. కాన్పు మొదటి నుంచి చివరిదాకా ఒక మనిషి తోడుంటే సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం తగ్గింది, పుట్టగానే బిడ్డ పరిస్థితి మెరుగ్గా ఉంది. మినెసోటాలో మెడికెయిడ్ తల్లుల మీద చేసిన అధ్యయనంలో డౌలా ఉన్నవాళ్లలో సిజేరియన్లు 22.3 శాతం, దేశం మొత్తమ్మీద మెడికెయిడ్ కాన్పుల్లో 31.5.

కానీ నిజాయితీగా ఒకటి చెప్పాలి. ఇవన్నీ సిజేరియన్ల గురించి, నొప్పుల గురించి. డౌలా ఉంటే మరణాలు ఇంత శాతం తగ్గుతాయని చూపించిన ప్రయోగం ఏదీ లేదు. మరణం లక్ష కాన్పులకి ఇన్ని అని లెక్కపెట్టే విషయం, అంత పెద్ద ప్రయోగం ఎవరూ చేయలేదు. ఎవరైనా స్టేజీ ఎక్కి ‘డౌలాలు ప్రాణాలు కాపాడతారని సైన్సు తేల్చేసింది’ అంటే కాస్త ఆగమనండి. మరి నేనెందుకు నమ్ముతానంటే, మరణం ఎలా జరుగుతుందో చూశాక.

నాకు తెలిసిన ఒక డౌలా చెప్పింది ఇది. కాన్పయి ఆరో రోజు. ఇంటికెళ్తే బాలింత సోఫాలో కళ్లు మూసుకుని ఉంది. తలనొప్పి, నిద్రలేక అంటోంది. కళ్ల ముందు చుక్కలు కనపడుతున్నాయా అని అడిగింది డౌలా. అవునంది. ఇంట్లో బీపీ మిషన్ ఉంది, ఏడో నెలలో వాళ్లిద్దరూ కలిసి తెప్పించుకున్నదే. పెట్టుకోమంది. 168 బై 112. పావుగంట ఆగి మళ్లీ పెట్టుకుంది, తగ్గలేదు. 160 బై 110 దాటితే ఎమర్జెన్సీ అని డౌలాకి నేర్పించారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్కడ కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లు ‘తలనొప్పి’ అని టైప్ చేసి కూర్చోమన్నారు. కడుపు లేదు కదా, పాపాయి ఇంట్లో ఉంది, చూసేవాళ్లకి ఆమె మామూలు మనిషే. డౌలా మళ్లీ వెళ్లి చెప్పింది, ‘ఆరు రోజుల క్రితం డెలివరీ అయింది, బీపీ ఇంత’ అని. అప్పుడు కదిలారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించారు. ఆవిడ బాగుంది.

ఆ రోజు ఆ డౌలా వాడిన నైపుణ్యం ఏంటి? ఆరో రోజు ఆ ఇంటికెళ్లడం. అంతే. ఆ విజిట్‌కి డబ్బు వస్తుందా రాదా అన్నదే నా సబ్జెక్టు.

ఇప్పుడు డబ్బు. ఈ దేశంలో పదింట నాలుగు కాన్పులకి బిల్లు కట్టేది మెడికెయిడ్. నల్లజాతి తల్లుల్లో అయితే పదింట ఆరుకి పైనే. అందుకే అందరి చూపూ అక్కడే. ముందు మొదలెట్టినవి ఆరిగన్, మినెసోటా. న్యూజెర్సీ 2021 జనవరిలో మొదలెట్టింది. కాలిఫోర్నియా 2023లో. ఇప్పుడు ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉంది.

మరి రేట్లు? ఆరిగన్ మొదట్లో ఒక కాన్పుకి ఇచ్చింది 75 డాలర్లు. నవ్వకండి, నిజంగా 75. మినెసోటా కాస్త నయం. ఒక్కో విజిట్‌కి 25 డాలర్ల 71 సెంట్లు, ఆరు విజిట్లు. కాన్పుకి 257. మొత్తం 411. ఆ 71 సెంట్లు ఎక్కణ్నించి వచ్చాయో నాకిప్పటికీ అంతుపట్టదు, ఏదో స్ప్రెడ్‌షీట్ చేసిన పని అయి ఉంటుంది. లెక్కేద్దాం. ఆరు విజిట్లు, ప్రయాణంతో కలిపి ఒక్కోటి రెండు గంటలు అనుకుంటే పన్నెండు గంటలు. కాన్పు ఒక ఇరవై గంటలు. అర్ధరాత్రి ఫోన్లు, టెక్స్టులు వదిలేద్దాం. 32 గంటలు. గంటకి పదమూడు డాలర్లు కూడా రాలేదు. అందులోంచే కారు పెట్రోలు, ఆస్పత్రి పార్కింగు, తన పిల్లల్ని చూసుకునే మనిషికి డబ్బు, ట్యాక్సు. పోనీ ఎక్కువమందిని తీసుకుందామా అంటే నెలకి ముగ్గురు నలుగురిని మించి కుదరదు. ఇద్దరికి ఒకే రాత్రి నొప్పులొస్తే? బయట ప్రైవేటుగా ఒక్క కాన్పుకి రెండు మూడు వేలు ఇచ్చేవాళ్లున్నారు. డౌలా ఎటు పోతుంది? మీరైనా, నేనైనా అటే పోతాం.

పైగా మినెసోటాలో తొలి రోజుల్లో డౌలా నేరుగా బిల్లు పెట్టడానికి లేదు. ఏ డాక్టరో, నర్సు మిడ్‌వైఫో సూపర్‌వైజ్ చేస్తున్నట్టు సంతకం పెట్టాలి. ఆ బాధ్యత నెత్తినేసుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? చట్టం ఉంది, రేటు ఉంది, క్లెయిములు మాత్రం లేవు. తర్వాత రేటు 770 చేశారు. ఇప్పుడు పద్దెనిమిది విజిట్ల దాకా, కాన్పుకి 1,400, మొత్తం 3,200 వరకు. ఆరిగన్ 1,500కి వచ్చింది. కాలిఫోర్నియా మొదట 450 అంది. డౌలాలు ఊరుకోలేదు, గోల చేశారు. వెయ్యి దాటింది. 2024 నుంచి మూడు వేల పైన. తీర్మానాలు చేసి వదిలేసిన చోట రేట్లు కదల్లేదు, అడిగిన చోటే కదిలాయి. మన ఆశా వర్కర్లు ఏళ్ల తరబడి రోడ్డెక్కేది కూడా దీనికే కదా, ‘గౌరవ వేతనం’ పేరుతో గౌరవమూ వేతనమూ రెండూ ఎగ్గొడుతున్నారని.

రేటు ఒక్కటే కాదు. బిల్లు పాస్ అవ్వాలి. నేను రోజూ చూసేది ఇదే. డౌలాకి ఎన్‌పీఐ నంబరు, అంటే వైద్య సేవకి బిల్లు పెట్టేవాళ్లకిచ్చే గుర్తింపు నంబరు, కావాలి, రాష్ట్రంలో నమోదు కావాలి, ఒక్కో మెడికెయిడ్ ప్లాన్‌తో విడివిడిగా కాంట్రాక్టు కావాలి. తల్లి మధ్యలో ప్లాన్ మారితే మళ్లీ మొదటికి. ఒకసారి మా దగ్గరికి వచ్చిన క్లెయిము, పేరు చెప్పను, కాన్పు రాత్రి పదకొండున్నరకి మొదలై మర్నాడు మధ్యాహ్నం అయింది. డౌలా రెండు తేదీలు రాసింది. సిస్టమ్‌లో ఆ కోడ్‌కి ఒకే తేదీ తీసుకుంటుంది. డినైడ్. ఆవిడ మళ్లీ పంపింది, ఈసారి కోడ్ పక్కన పెట్టాల్సిన మోడిఫయర్ లేదని డినైడ్. ఆస్పత్రికైతే దీనికి బిల్లింగ్ డిపార్ట్‌మెంటే ఉంటుంది. ఆవిడకున్నది వంటింటి బల్ల, ఒక ఫోను. మూడోసారి ఆవిడ పంపలేదు. క్లెయిముని ఆపే ఆ రూల్ రాసినవాడికి డౌలా అంటే ఏంటో తెలియదు, కాన్పుకి అర్ధరాత్రి అనే గీత ఉండదని గుర్తురాలేదు. ఇక్కడ ఎవరి టీముకైనా ఇలాంటి టికెట్ వస్తే దయచేసి లో ప్రయారిటీలో పడెయ్యకండి.

డబ్బు మిగులుతుందని వాదించేవాళ్లున్నారు. 2010 లెక్కల్లో మెడికెయిడ్‌కి మామూలు కాన్పు తల్లీబిడ్డలకి కలిపి 9,131 డాలర్లు, సిజేరియన్ 13,590. ఒక్క అనవసరపు సిజేరియన్ తప్పితే డౌలా ఖర్చు వచ్చేసినట్టే. శాసనసభ్యుల ముందు ఈ నంబరు పనికొస్తుంది, వాడుకోండి. నాకు మాత్రం అది ప్రధాన కారణం చేయడం నచ్చదు. గుండె ఆపరేషన్‌ని ఎవరూ ‘మిగులు చూపించు’ అని అడగరు.

ఇంకో జాగ్రత్త. ఆస్పత్రి చేయాల్సిన పని డౌలా నెత్తిన రుద్దకూడదు. కాలిఫోర్నియా 2006 నుంచి ఆస్పత్రుల్ని కూడగట్టి, రక్తస్రావం అయితే ఏం చేయాలి, బీపీ పెరిగితే ఏం చేయాలి అని పద్ధతులు పెట్టింది, బండి మీద సామాను సిద్ధంగా ఉంచింది. 2013కల్లా తల్లుల మరణాలు సగానికి పైగా తగ్గాయి. గొప్ప విషయం. అయినా నల్లజాతి తల్లులకీ, మిగతావాళ్లకీ మధ్య తేడా మిగిలే ఉంది. పద్ధతులు ఉండాలి, ఆ పద్ధతి ఈ మనిషికి ఇప్పుడు కావాలని గుర్తించేవాళ్లూ ఉండాలి. వివక్ష చూపించిన డాక్టరుని సరిదిద్దాల్సింది ఆస్పత్రి యాజమాన్యం, పక్కన నిలబడిన గంటకి పదమూడు డాలర్ల మనిషి కాదు.

రాబిన్స్‌విల్ గుడికి మనం ఎన్నిసార్లు వెళ్లలేదు? అక్కణ్నించి ట్రెంటన్ ఎంత దూరం? మన రాష్ట్ర రాజధాని. పదేళ్లకు పైగా ఆ ఊళ్లో కాన్పులు చేసే ఆస్పత్రి లేదు. నొప్పులొస్తే పక్క టౌన్‌షిప్‌కి పోవాలి, కారుంటే. అక్కడ డౌలా అంటే ముందుగా, తెల్లవారుజామున ఫోనెత్తే మనిషి.

నేను చెప్పాల్సింది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (ఒక డాక్టరు గారు): నేను ఓబీని, కాన్పులు చేసే డాక్టర్ని. కొందరు డౌలాలు మా పనికి అడ్డం వస్తారు, ఇండక్షన్, అంటే మందులతో నొప్పులు తెప్పించడం, వద్దని ముందే నూరిపోస్తారు. దానికేమంటారు?

ఉన్నారండీ అలాంటివాళ్లు, కాదనను. డౌలా వైద్య సలహా ఇవ్వకూడదు, శిక్షణలోనే అది చెప్తారు. నేను అడిగేది ఒకటే. మెడికెయిడ్ కింద పనిచేసే డౌలాలకి రాష్ట్రం శిక్షణ, నమోదు అడుగుతుంది. వాళ్లు మీ ఫ్లోర్‌కి తరచూ వస్తే మీకూ మొహాలు తెలుస్తాయి, వాళ్లకీ మీ పద్ధతి తెలుస్తుంది. చాలీచాలని రేటు వల్ల ఏడాదికో కొత్త మనిషి వస్తుంటే ఆ పరిచయం ఎప్పటికి కుదరాలి?

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి నవంబరులో డెలివరీ. మాది కంపెనీ ఇన్సూరెన్సు. మాకూ ఇస్తారా?

ప్లాన్‌ని బట్టి ఉంటుంది అంకుల్. రోడ్ ఐలండ్‌లో ప్రైవేటు ఇన్సూరెన్సులు కూడా ఇవ్వాలని చట్టం చేశారు. ఇక్కడైతే కార్డు వెనక నంబరుకి ఫోన్ చేసి అడగాల్సిందే. ఇవ్వం అంటే ఎఫ్‌ఎస్‌ఏ, అంటే వైద్య ఖర్చులకి జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే డబ్బుతో కుదురుతుందేమో అడగండి, డాక్టరు చీటీ అడగొచ్చు. ఆంటీ వస్తున్నా సరే పెట్టుకోండి, ఆంటీకి కూడా రాత్రి నిద్ర కావాలి.

ప్రశ్న: మెడికెయిడ్‌కే కోత పెట్టారు కదా, ఇప్పుడు ఇవన్నీ ఉంటాయా?

అసలు టెన్షన్ అదే. 2025 జులైలో సంతకం అయిన చట్టం వల్ల పదేళ్లలో ఫెడరల్ మెడికెయిడ్ ఖర్చు లక్ష కోట్ల డాలర్లకి దగ్గరగా తగ్గుతుందని అంచనా. ఆస్పత్రిలో కాన్పు ఖర్చు రాష్ట్రాలు ఆపలేవు, అది తప్పనిసరి. డౌలా తప్పనిసరి కాదు, రాష్ట్రం ఇష్టం. కోత వచ్చినప్పుడు రాష్ట్రం ఇష్టానికి వదిలేసినవే ముందు పోతాయి, లేదా పేరుంచి రేటు తగ్గిస్తారు. మన రాష్ట్ర బడ్జెట్ జులై ఒకటిన మొదలవుతుంది, మార్చి నుంచే కమిటీలు జనం మాట వింటాయి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలిస్తారు, రాసి పంపినా తీసుకుంటారు. డౌలాలు ఎలాగూ వస్తారు. బల్లకి అటువైపున్న ఇన్సూరెన్సు ఉద్యోగులు, డాక్టర్లు వచ్చి ‘ఈ రేటు తగ్గించొద్దు’ అనడమే అరుదు. నేను ఈసారి పేరిచ్చాను. ఇంకా రెండు కార్లలో చోటుంది.